పని వేరు, వ్యాయామం వేరు: క్యాంపులో రోజుకు పది నిమిషాలు

(అబుధాబి ముసఫ్ఫాలోని ఒక కార్మిక శిబిరంలో, సెలవు రోజు సాయంత్రం, రాయబార కార్యాలయ సంక్షేమ విభాగం ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం ఇక్కడ ఇస్తున్నాము. చదవడం రాని తోటివారికి దయచేసి చదివి వినిపించగలరు.)



ఇవాళ మీకు సెలవు. బట్టలు ఉతుక్కోవాలి, వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకోవాలి, ఇంటికి ఫోన్ చేయాలి. అవన్నీ పక్కన పెట్టి ఈ మెస్ హాలుకు వచ్చారు. అందుకని ఎక్కువసేపు తీసుకోను. జీతం ఫిర్యాదులు, పాస్‌పోర్టు పనులు ఉన్నవాళ్లు కాగితాలతో ఇక్కడే ఉండండి, ఈ మాటలు అయ్యాక ఒక్కొక్కరివీ చూస్తాను. ముందు ఒక అరగంట ఒంటి గురించి మాట్లాడుకుందాం.

వ్యాయామం అనగానే వెనక బెంచీల్లో నవ్వు వినబడింది. నాకేం కోపం లేదు. ఏ క్యాంపుకు వెళ్లినా ఇదే నవ్వు, ఇదే ప్రశ్న. "సార్, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మేం చేసేదేమిటి? స్టీలు కడ్డీలు మోస్తున్నాం, సిమెంటు బస్తాలు ఎత్తుతున్నాం, మెట్లెక్కి దిగుతున్నాం. ఆఫీసులో కూర్చునేది మీరు. వ్యాయామం మీకు కావాలి గానీ మాకెందుకు?"

న్యాయమైన ప్రశ్నే. ఈ విభాగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. కష్టం చేసే ఒళ్లు గట్టి ఒళ్లు, దానికి జబ్బు రాదు అనుకున్నాను. నా బల్ల మీదకు వచ్చిన ఫైళ్లే ఆ మాట తప్పని నాకు నేర్పాయి.

పని ఒంటిని ఒకే వైపు వంచుతుంది

మన ఊళ్లల్లో వరినాట్లు చూసే ఉంటారు. మీలో చాలామంది అమ్మలు, అక్కలు నాట్లు వేసినవాళ్లే. పొద్దుటి నుంచి నడుం వంచి బురదలో నారు గుచ్చుతూ పోతారు. అది పని. మడి చివరికి వచ్చాక గట్టెక్కి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, వెనక్కి వాలి, "అమ్మయ్యా" అని ఊపిరి వదులుతారు. అదీ వ్యాయామం. రెండూ కష్టమే కదా అంటే కాదు. మొదటిది వంచుతుంది, రెండోది వంగినదాన్ని సరిచేస్తుంది.

ఇక్కడి పని కూడా అంతే. స్టీల్ ఫిక్సర్ తమ్ముడు రోజంతా ముందుకు వంగి బైండింగ్ వైరు చుడతాడు. నడుం ఒకే వైపు పనిచేస్తుంది, మణికట్టు ఒకే మెలిక తిరుగుతుంది. టైల్స్ మేస్త్రీ మోకాళ్ల మీదే ఉంటాడు. సీలింగ్ పని చేసేవాడి మెడ పైకే ఉంటుంది. వెల్డర్ కళ్లు, భుజాలు ఒక్కచోటే బిగిసిపోయి ఉంటాయి. డ్రైవర్ అన్న పది గంటలు కూర్చునే ఉంటాడు. ఇళ్లల్లో, ఆఫీసుల్లో క్లీనింగ్ చేసే చెల్లెళ్లకు ఒకే భుజం, ఒకే చెయ్యి. పని ఎంత బరువైనా ఒంటిలో కొంత భాగాన్నే అరగదీస్తుంది, మిగతా భాగాన్ని మూల పడేస్తుంది.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు. డెన్మార్క్ దేశంలోని కోపెన్‌హాగెన్‌లో లక్షకు పైగా జనాన్ని దాదాపు పదేళ్లు గమనించిన ఒక అధ్యయనం 2021లో వెలువడింది. తీరిక వేళల్లో ఒళ్లు కదిలించేవారికి గుండె జబ్బులు తక్కువగా కనిపించాయి. బరువు పనుల్లో ఒళ్లు కదిలించేవారికి ఆ లాభం కనిపించలేదు సరికదా, ముప్పు ఎక్కువగా కనిపించింది. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు, నిజమే. కానీ కారణాలు ఆలోచిస్తే మనకూ అర్థమవుతాయి. వ్యాయామం కొద్దిసేపు చేసి ఆపుతాం, ఆ తర్వాత ఒళ్లు తేరుకుంటుంది. పని మనం ఆపమంటే ఆగదు. గుండె గంటల తరబడి వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పైనే ఉంటుంది. రాత్రి గదిలో ఎనిమిది మంది మధ్య నిద్ర సగమే. తేరుకునే లోపలే మళ్లీ బస్సు హారన్.

నేను మరచిపోలేని ఒక ఫైలు

కొన్నేళ్ల కిందటి సంగతి. పేరూ, కంపెనీ చెప్పను. జగిత్యాల వైపు నుంచి వచ్చిన షట్టరింగ్ కార్పెంటర్, నలభై దాటి ఒక ఏడాది. రెండు రాత్రులు ఛాతీలో మంటగా ఉందన్నాడు. రూములో వాళ్లు గ్యాస్ మాత్ర ఇచ్చారు, బామ్ రాశారు. క్లినిక్కుకు పోదామంటే "రేపు ఓటీ ఉంది, పోతే దండుగ" అన్నాడు. మూడో రోజు తెల్లవారుజామున బస్సు వేళకు అతను బంక్ మీద నుంచి లేవలేదు.

మృతదేహం ఊరికి పంపే కాగితాలు చూసింది నేను. అతని భార్యతో ఫోన్‌లో మాట్లాడిందీ నేనే. ఆమె ఏడుస్తూ ఒక్క ప్రశ్న అడిగింది: "ఆయన ఎవ్వరికీ చెప్పలేదా సార్?" చెప్పాడమ్మా అనాలా, చెప్పలేదమ్మా అనాలా, నాకు తెలియలేదు. రూములో వాళ్లను అడిగితే ఒక తమ్ముడు తల దించుకుని ఇలా అన్నాడు: "సార్, ఆయన ఎప్పుడూ ఒళ్లు నొప్పులే అనేటోడు. మేమందరం రోజూ అదే అంటం. గది గూడ గంతే అనుకున్నం."

ఆ మాట నాకు మనసులో పడిపోయింది. రోజూ నొప్పితో బతికేవాడికి కొత్త నొప్పి వస్తే గుర్తుపట్టలేడు. పక్కవాడూ గుర్తుపట్టలేడు. అన్నీ ఒక్క గంపలో పడిపోతాయి.

ఆ అన్న వ్యాయామం చేసి ఉంటే బతికేవాడని నేను అనను. అలా అనే హక్కు నాకు లేదు. నేను చెప్పేది వేరే. రోజుకు పది నిమిషాలు నెమ్మదిగా, శ్రద్ధగా ఒళ్లు కదిలిస్తే ఏ నొప్పి పనిదో, ఏ నొప్పి కొత్తదో మనకు తెలియడం మొదలవుతుంది. నిన్న లేచిన చెయ్యి ఇవాళ లేవకపోతే తెలుస్తుంది. నాలుగు అడుగులకే ఆయాసం వస్తే తెలుస్తుంది. మన ఒంటి కబురు మనకు అందడానికి రోజూ పది నిమిషాలు. అందుకోసమే ఈ మాటలన్నీ.

తాయ్ చీ ఎక్కడి నుంచి వచ్చింది?

ఒకసారి ఒక పెద్ద క్యాంపుకు తెల్లవారక ముందే వెళ్లాల్సి వచ్చింది. పక్క బ్లాకులో చైనా కార్మికులు. బస్సు రాకముందు బయట లైటు కింద ఐదారుగురు నిలబడి గాలిలో చేతులు మెల్లగా తిప్పుతున్నారు. మన పిల్లలు నీళ్ల బాటిళ్లు నింపుకుంటూ చూసి నవ్వుతున్నారు: "వీళ్లకు పొద్దున్నే దెయ్యం పట్టింది సార్" అని. నాకూ నవ్వొచ్చింది. కానీ పది నిమిషాల తర్వాత చూస్తే, మన వాళ్లు బస్సులో తలలు వాల్చి కూలబడ్డారు, వాళ్లు నిటారుగా ఎక్కారు. ఆ తేడా చూసి నేను దీని గురించి కనుక్కోవడం మొదలుపెట్టాను.

తాయ్ చీ చైనా దేశపు పాత యుద్ధ విద్య. హెనాన్ రాష్ట్రంలోని చెన్ అనే ఇంటిపేరు గల కుటుంబాల ఊరిలో 17వ శతాబ్దంలో ఇది రూపు దిద్దుకుందని చెబుతారు. మనకు తాలింఖానా, కర్రసాము ఎలాగో వాళ్లకు ఇది అలాగ. తర్వాతి కాలంలో కొట్లాటకంటే ఆరోగ్యానికే ఎక్కువ వాడుకలోకి వచ్చింది. 1956లో చైనా ప్రభుత్వ క్రీడా శాఖ మామూలు జనం నేర్చుకోవడానికి వీలుగా 24 కదలికలతో చిన్న పద్ధతి తయారు చేయించింది. 2020లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ కళల జాబితాలో చేర్చింది.

దీని వల్ల లాభం ఉందా అంటే, 2024లో చైనా వైద్యులు ఒక పరీక్ష ఫలితం ప్రకటించారు. రక్తపోటు కాస్త ఎక్కువగా ఉండి, ఇంకా జబ్బు దాకా రాని 342 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగం తాయ్ చీ, రెండో భాగం వడిగా నడక, సైకిలు వంటి వ్యాయామాలు. ఏడాది తర్వాత పై రక్తపోటు తాయ్ చీ వాళ్లకు సగటున 7 పాయింట్లు, రెండో వాళ్లకు 4.6 పాయింట్లు తగ్గింది. అయితే వాళ్లు చేసింది వారానికి 4 రోజులు, రోజుకు ఒక గంట. మన పది నిమిషాలకు అంత ఫలితం వస్తుందని ఆశపెట్టను. ఇది మొదటి మెట్టు మాత్రమే.

"యోగా ఉండగా ఇదెందుకు సార్?" అని అడుగుతారు. యోగా వచ్చినవారు తప్పక యోగా చేయండి. ఏటా జూన్ 21న యోగా దినోత్సవం జరుపుకుంటూనే ఉన్నాం. కానీ క్యాంపులో చాప పరిచే చోటేది? సైటులో కవరాల్, సేఫ్టీ బూట్లు వేసుకుని నేల మీద పడుకోలేం కదా. తాయ్ చీకి నిలబడే చోటుంటే చాలు. బూట్లతో చేయవచ్చు. చెమట పట్టదు. వయసుతో పని లేదు. మరొక సంగతి, దీనిలో పూజ లేదు, మంత్రం లేదు. నమాజు చేసేవారు, చర్చికి వెళ్లేవారు, గుడికి వెళ్లేవారు అందరూ చేయవచ్చు.

పనికి ముందు అందరూ కలిసి ఒళ్లు కదిలించడం కొత్త సంగతి కూడా కాదు. జపాన్‌లో 1928 నుంచి రేడియోలో పాట పెట్టి వ్యాయామం చేయిస్తున్నారు. మూడు నిమిషాలకు కాస్త ఎక్కువ, 13 కదలికలు. అక్కడి ఫ్యాక్టరీల్లో, కట్టడాల సైటుల్లో ఫోర్‌మన్, ఇంజినీరు, హెల్పర్ అందరూ వరుసగా నిలబడి చేశాకే పని మొదలుపెట్టే అలవాటు చాలా చోట్ల ఇప్పటికీ ఉంది.

పది నిమిషాల పద్ధతి

ఇప్పుడు బెంచీలు గోడకు జరపండి. చేతులు చాపితే పక్కవాడికి తగలనంత దూరంలో నిలబడండి. ఇవి పూర్తి తాయ్ చీ కావు. అందులోని సులువైన కదలికలకు మన పనికి కావలసిన రెండు మూడు కలిపాను. ఒకే నియమం: పూర్తి బలం వాడకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. నొప్పి వచ్చే దాకా లాగడం గొప్ప కాదు.

1. నిలబడటం (1 నిమిషం). పాదాలు భుజాల వెడల్పున పెట్టండి. మోకాళ్లు బిగించకండి, కొంచెం వదులుగా ఉంచండి. భుజాలు కిందికి దించండి. చాలామంది భుజాలు చెవుల దాకా ఎత్తుకుని బతుకుతున్నారు, మీకే తెలియదు. ముక్కుతో పది ఊపిరులు నెమ్మదిగా తీసి వదలండి.

2. చేతులు లేపడం (8 సార్లు). ఊపిరి తీస్తూ రెండు చేతులూ ముందుకు, భుజాల ఎత్తు దాకా లేపండి. మణికట్లు వదులుగా ఉండాలి. నీళ్ల తొట్టిలో చేతులు తేలుతున్నట్టు. ఊపిరి వదులుతూ దించండి, దించేటప్పుడు మోకాళ్లు కొద్దిగా వంచండి.

3. బరువు మార్చడం (ఒక్కో వైపు 8 సార్లు). ఒంటి బరువంతా మెల్లగా కుడికాలి మీదకు తెచ్చి, ఎడమ మడమ లేపండి. మళ్లీ ఎడమకాలి మీదకు. వాన పడ్డ పొలం గట్టు మీద అడుగు వేసేటప్పుడు ఎంత జాగ్రత్తగా బరువు మారుస్తామో అంత నెమ్మదిగా. స్కాఫోల్డింగ్ ఎక్కేవారు దీన్ని వదలకండి, ఒంటి తూకం కుదిరేది దీనితోనే.

4. మబ్బు చేతులు (ఒక్కో వైపు 6 సార్లు). ఒక అరచెయ్యి ముఖం ఎత్తున, రెండోది బొడ్డు ఎత్తున ఉంచి, నడుం కుడి వైపు తిప్పండి. అక్కడ చేతులు పైది కిందికి, కిందిది పైకి మార్చి ఎడమ వైపు తిప్పండి. చేతులు నడుం వెంట పోవాలి, చేతులే తిరగకూడదు. కళ్లు పై చేతి వెంట పోనివ్వండి. వెల్డర్లకు, డ్రైవర్లకు ఇది మంచిది.

5. నెట్టడం (ఒక్కో కాలితో 6 సార్లు). ఒక కాలు ముందుకు వేయండి. వెనక కాలి మీద కూర్చున్నట్టు బరువు వెనక్కి తెచ్చి, అరచేతులతో ముందుకు నెట్టండి. ఖాళీ ట్రాలీని నెట్టినట్టుండాలి, గోడను నెట్టినట్టు కాదు.

6. గట్టెక్కడం (5 సార్లు). ఈ పేరు నేను పెట్టుకున్నదే. రెండు చేతులూ నడుం వెనక పెట్టి, నెమ్మదిగా వెనక్కి వాలండి. రెండు లెక్కపెట్టి తిరిగి రండి. వంగి పనిచేసేవారు దీన్ని సైటులో కూడా రెండు గంటలకొకసారి చేయండి. అర నిమిషం పట్టదు. కాలిలోకి నొప్పి పాకుతుంటే ఆపేసి డాక్టరుకు చూపించుకోండి.

7. మెడ, మణికట్టు, చీలమండ (2 నిమిషాలు). మెడను గుండ్రంగా గిరగిరా తిప్పకండి. కుడికి, ఎడమకు, కిందికి మెల్లగా తిప్పితే చాలు. మణికట్లు, చీలమండలు రెండు వైపులా పదేసి సార్లు తిప్పండి.

8. మళ్లీ మొదటి నిలబడటం. పది ఊపిరులు. ఈసారి పాదాల నుంచి తల దాకా ఒంటిని ఒకసారి తలుచుకోండి. ఎక్కడ పట్టేసింది? నిన్న ఉందా, కొత్తదా? ఇదొక్కటి మాత్రం హడావిడిగా చేయకండి.

ఎప్పుడు చేయాలి? పొద్దున బస్సుకు ముందు, లేదా సైటులో టూల్ బాక్స్ మీటింగ్ దగ్గర. ఎండలో మాత్రం వద్దు. జ్వరం ఉన్నా, కళ్లు తిరుగుతున్నా, కొత్తగా ఆపరేషన్ అయినా చేయకండి. రంజాన్ ఉపవాసం ఉండేవారు ఇఫ్తార్ అయిన గంటన్నర తర్వాత చేయండి.

రాత్రి ఫోన్ పెట్టేశాక

ఇప్పుడు మనసు సంగతి. రాత్రి ఇంటికి ఫోన్ చేస్తాం. "డబ్బులు ఇంకా పడలేదు" అంటారు. "మిత్తోడు వచ్చి గడప మీద కూర్చున్నాడు" అంటారు. ఏజెంటుకు కట్టిన డబ్బు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చింది. పిల్లవాడికి జ్వరం అంటారు. ఇక్కడి నుంచి చేయగలిగిందేమీ లేదు. ఫోన్ పెట్టేశాక నిద్ర రాదు. కొందరు బకాలాకు పోయి సిగరెట్ తెచ్చుకుంటారు, కొందరు మందు వెతుక్కుంటారు, కొందరు రెండింటి దాకా రీల్స్ చూస్తారు.

బంక్ మీద పడుకునే చేయగలిగింది ఒకటుంది. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో ఊపిరి తీయండి, పొట్ట లేవాలి. ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. తీసేదానికంటే వదిలేది పొడుగ్గా ఉండాలి, కిటుకంతా అక్కడే ఉంది. ఊపిరి నెమ్మదిగా వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది. ఐదు నిమిషాలు చేయండి. అప్పు తీరదు, నిజమే. కానీ రేపు పదో అంతస్తులో నిలబడాల్సిన మనిషికి ఇవాళ ఒక గంట నిద్ర ఎక్కువ వస్తే అది చిన్న విషయం కాదు.

వ్యాయామం తీర్చలేనివి

సోదరులారా, ఇది చాలా ముఖ్యం, శ్రద్ధగా వినండి. వ్యాయామం విశ్రాంతికి బదులు కాదు, మందుకు బదులు కాదు, మీ హక్కుకు అసలే బదులు కాదు. కింది విషయాలు దయచేసి గుర్తుంచుకోండి.

ఎండ: ఈ దేశంలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా నేరుగా ఎండలో, ఆరుబయట పని చేయించకూడదు. అత్యవసరమైన కొన్ని పనులకే మినహాయింపు. నియమం మీరిన కంపెనీకి ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హాముల చొప్పున, 50,000 దాకా జరిమానా ఉంది. దాహం వేసే దాకా ఆగకుండా మధ్య మధ్యలో నీళ్లు తాగండి. పక్కవాడు తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ 998కి ఫోన్ చేయండి. అది అంబులెన్స్.

గుండె: ఛాతీలో నొప్పి, మంట లేదా బరువు, ఎడమ చేతికి గానీ దవడకు గానీ పాకే నొప్పి, కారణం లేకుండా చల్లని చెమట, ఆయాసం. వీటిలో ఏదైనా వస్తే గ్యాస్ అనుకోవద్దు, పడుకుంటే పోతుందనుకోవద్దు. వ్యాయామం చేసి చూద్దామని అసలే అనుకోవద్దు. వెంటనే 998. ఓటీ మళ్లీ వస్తుంది.

నొప్పి మాత్రలు: ఊరి నుంచి డైక్లోఫెనాక్ వంటి మాత్రలు తెచ్చుకుని రోజూ వేసుకునేవారు చాలామంది ఉన్నారు. ఎండలో ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఈ మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి. డాక్టరు రాయనిదే వరుసగా వేసుకోకండి.

వైద్యం, సెలవు: ఉద్యోగులకు ఆరోగ్య బీమా చేయించడం యజమాని బాధ్యత. 2025 జనవరి 1 నుంచి ఇది అన్ని ఎమిరేట్లకూ వర్తిస్తుంది. మీ కార్డు ఎక్కడుందో, ఏ క్లినిక్కులో చెల్లుతుందో ఇవాళే తెలుసుకోండి, జబ్బు వచ్చాక కాదు. ప్రొబేషన్ పూర్తయిన కంపెనీ ఉద్యోగికి ఏడాదికి 90 రోజుల దాకా జబ్బు సెలవు ఉంది. మొదటి 15 రోజులకు పూర్తి జీతం, తర్వాత 30 రోజులకు సగం, మిగిలిన 45 రోజులకు జీతం ఉండదు. మూడు పని దినాల లోపల కంపెనీకి తెలియజేసి, డాక్టరు కాగితం ఇవ్వాలి. ఇళ్లల్లో పనిచేసేవారికి వేరే చట్టం ఉంది, వారు మమ్మల్ని అడగండి.

మనసు: నెల మీద నెల జీతం రాకపోతే వచ్చే బాధకు మందు ఊపిరి లెక్కపెట్టడం కాదు, ఫిర్యాదు చేయడం. కాగితాలు తీసుకుని మా దగ్గరకు రండి. ఇక బతకడమే దండుగ అనే ఆలోచన ఎవరికైనా వస్తే, దాన్ని దుప్పటి కింద దాచుకోకండి. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత ఫోన్ నంబరు 800 46342. పగలైనా రాత్రైనా చేయవచ్చు. ఆ మాట అన్న తోటివాడిని ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. అది పిరికితనం కాదు, జబ్బు. జబ్బుకు వైద్యం ఉంది.

ఎలా మొదలుపెట్టాలి?

ఒక్కడే మొదలుపెడితే నాలుగో రోజుకు మానేస్తాడు, నవ్వుతారని సిగ్గు. రూముకు ఇద్దరు చొప్పున మొదలుపెట్టండి. వారం తర్వాత నలుగురైదుగురు కలిసి సేఫ్టీ ఆఫీసరు దగ్గరకు వెళ్లి మర్యాదగా అడగండి: "సార్, టూల్ బాక్స్ మీటింగ్‌లో పది నిమిషాలు అందరం కలిసి ఒళ్లు వదులు చేసుకుంటాం, ఆ సమయం డ్యూటీలో లెక్కవేయండి" అని. ఒప్పుకున్న కంపెనీలు ఉన్నాయి. కాదంటే గొడవ పడకండి, బస్సుకు ముందు మీరే చేసుకోండి. కానీ కంపెనీ పది నిమిషాల వ్యాయామం పెట్టి, దానికి బదులుగా భోజన విరామంలో కోత పెడితే ఒప్పుకోకండి. వరుసగా 5 గంటలకు మించి విరామం లేకుండా పని చేయించకూడదు, విరామం మొత్తం గంటకు తగ్గకూడదు అని చట్టమే చెబుతోంది.

కలిసి చేయడంలో ఇంకో మేలు నేను కళ్లారా చూశాను. ఒక సైటులో ఇలాగే పొద్దున వరుసగా నిలబడి బరువు మార్చే కదలిక చేస్తున్నారు. కడప వైపు నుంచి వచ్చిన ఒక హెల్పర్ తమ్ముడు ఒక కాలి మీద నిలబడలేక పదే పదే తూలుతున్నాడు. అందరూ నవ్వారు. పక్కన ఉన్న మేస్త్రీ మాత్రం నవ్వలేదు. "నిన్న బాగానే చేశావు కదరా, ఇవాళ ఏమైంది?" అని అడిగాడు. నాలుగు రోజులుగా దాహం ఆగడం లేదు, రాత్రంతా బాత్రూముకు లేస్తున్నానని అప్పుడు చెప్పాడు. క్లినిక్కుకు పంపితే రక్తంలో చక్కెర బాగా ఎక్కువ ఉంది. ఆ రోజు అతను స్కాఫోల్డింగ్ ఎక్కాల్సిన మనిషి. ఇవాళ మందులు వాడుతూ, కింద స్టోరులో పని చేసుకుంటున్నాడు. ఇంటికి డబ్బు పంపుతున్నాడు.

ఆ మేస్త్రీ డాక్టరు కాడు. నిన్నటి మనిషిని చూశాడు కాబట్టి ఇవాళ్టి తేడా తెలిసింది. జగిత్యాల అన్న గదిలోనూ మంచివాళ్లే ఉన్నారు, గ్యాస్ మాత్ర ఇచ్చింది ప్రేమతోనే. ఆ తేడా చూసే అలవాటు ఒక్కటే అక్కడ లేదు. ఆ అలవాటు ఈ క్యాంపులో ఉండాలని నా కోరిక.

మన దగ్గర భూములు, బ్యాంకు డిపాజిట్లు లేక ఇంత దూరం వచ్చాం. ఉన్న పెట్టుబడి ఈ ఒళ్లే. క్రేన్‌కు కంపెనీ రోజూ ఆయిల్ చూస్తుంది, బోల్టు చూస్తుంది, చూశాకే స్టార్ట్ చేస్తుంది. మన ఒళ్లు మనమే చూసుకోవాలి.

సరే, మాటలు చాలు. వెనక నవ్విన అన్నా, మీరే ముందుకు రండి, మొదటి వరుసలో నిలబడండి. పాదాలు భుజాల వెడల్పున. మోకాళ్లు వదులుగా. భుజాలు దించండి. ఇంకా దించండి. ఆ, అంతే. ఇప్పుడు నెమ్మదిగా ఊపిరి తీయండి.

(ఈ పేజీని చింపి మీ బ్లాకు నోటీసు బోర్డు మీద అంటించవచ్చు. సందేహాలకు రాయబార కార్యాలయ సంక్షేమ విభాగాన్ని పని వేళల్లో సంప్రదించగలరు.)